ఫ్యూజీ కొండా, పుణ్యవతి తాలింపూ

పుణ్యవతి జపాన్ వెళ్ళొచ్చిందంటే మాదాపూర్‌లో సగం మంది ఇప్పటికీ నమ్మరు. నమ్మిన సగం మంది "అక్కడ ఏం చూశావు?" అని అడుగుతారు. "గిన్నెలు తోమే తొట్లు చూశానండి, ఒక్కో ఊళ్ళో ఒక్కో రకం" అంటుందావిడ. వాళ్ళు నవ్వుతారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఆ మాట చాలావరకు నిజం. నిజం కాని ఆ కాస్త సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా పేరు జయలక్ష్మి. మా ఆయన రామ్మోహనరావుగారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. మేం మాదాపూర్‌లో ఇల్లు కట్టుకున్న కొత్తలో చుట్టూ బండరాళ్ళు, తుమ్మచెట్లు తప్ప ఏమీ లేవు. చుట్టాలు వచ్చి "నక్కలకి తోడుగా ఉందామనా?" అని వెక్కిరించి వెళ్ళేవారు. తర్వాత మా ఎదురుగా కంప్యూటర్ కంపెనీల గుండ్రటి టవర్ లేచింది. నక్కలు పోయాయి, మెళ్ళో టైలు కట్టుకున్న పిల్లలు వచ్చారు. వాళ్ళ వెనకాలే, వాళ్ళకి అన్నం పెట్టడానికి పుణ్యవతి వచ్చింది.

ఆవిడది రేపల్లె దగ్గర పల్లెటూరు. పెళ్ళయ్యాక మూసాపేటలో ఒక గది కిరాయికి తీసుకుని కాపురం పెట్టారు. వాళ్ళాయన బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో లేత్ మెషీన్ మీద పనిచేసేవాడు. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక అతను పగలు నిద్రపోవడంలో మంచి నైపుణ్యం సంపాదించాడు. ఇక పొయ్యి వెలగాలంటే పొయ్యినే నమ్ముకోవాలని ఈవిడ ఫ్యాక్టరీలకి క్యారియర్లు మొదలుపెట్టింది. టవర్ తెరిచాక రేకుల షెడ్డు వేసుకుని ఇటు మారిపోయింది. మెస్సుకి పేరు కూడా పెట్టలేదు. పిల్లలే "పుణ్యవతమ్మ మెస్" అనేవారు. మనిషి గట్టిది. ఆవిడ గరిటె ఇంకొకరు ముట్టుకుంటే ఊరుకోదు. కూర్చుని ఉండగా ఆవిడని చూసినవాళ్ళు లేరు.

మెస్సులో పొయ్యి పైన గోడకి ఒక పాత క్యాలెండర్ ఉండేది. జపాన్ మెషీన్ల కంపెనీ ఏదో బాలానగర్ ఫ్యాక్టరీకి పంపితే వాళ్ళాయన ఇంటికి తెచ్చాడట. తేదీలెప్పుడో చింపేశారు, బొమ్మ మిగిలింది. నీలంగా ఒక కొండ, నెత్తిన మంచు. దానికి ఎదురుగా నిలబడి పుణ్యవతి ఎన్ని వేల అట్లు పోసిందో లెక్కలేదు.

"జయమ్మగారూ, నిజంగా కొండ అంత నున్నగా ఉంటదంటారా? మన రాయదుర్గం గుట్టలు చూడండి, ఎవరో విసుగెత్తి పారబోసి పోయినట్టుంటాయి. ఇదేమో కూర్చుని, కొలుచుకుని చేసినట్టుంది. బొమ్మేసినోడు కల్పించాడేమో" అని అడిగేది నన్ను.

"నేను చూశానా ఏమిటి?" అనేదాన్ని.

"చూడాలండీ ఒకసారి" అనేది, అట్టు తిరగేస్తూ. తిరుపతి వెళ్ళాలి అన్నంత మామూలుగా అనేది.

ఉదయ్ భాస్కర్ అని ట్రావెల్స్ నడిపే కుర్రాడొకడు ఆ మెస్సులో భోజనానికి వచ్చేవాడు. కాశీ, షిర్డీ బస్సులు తిప్పి తిప్పి, తొంభై తొమ్మిదిలో ఒక్కసారిగా జపాన్ మీద పడ్డాడు. చెర్రీ పూల కాలంలో జపాన్ యాత్ర, దారి పొడుగునా ఆంధ్రా భోజనం అని పాంప్లెట్లు పంచాడు. మావాళ్ళకి జపాన్ కన్నా ఆ రెండో మాటే నచ్చింది. ఇంతకీ వండేదెవరు? ఒకరోజు పప్పన్నం కలుపుకుంటూ పుణ్యవతిని అడిగాడు.

"అక్కడికొచ్చి ఏం చెయ్యాలి నాయనా?"

"ఏముంది పిన్నీ, వంటే."

"ఆ భాగ్యం ఇక్కడ లేదా?"

"అక్కడ అదుంది కదా" అని క్యాలెండర్ చూపించాడు.

పుణ్యవతి గరిటె కింద పెట్టింది. "ఆ కొండ నాకు చూపించే బాధ్యత నీది. దూరంగానైనా సరే, కళ్ళతో చూడాలి. అట్టయితేనే వస్తా" అంది. అన్నం ముందు కూర్చుని అబద్ధమాడను పిన్నీ అని అతను మాటిచ్చాడు. నేను అక్కడే ఉన్నాను, అరిటాకుల కోసం వెళ్ళి. మేమూ ఆ యాత్రకి పేర్లిచ్చాం.

పుణ్యవతి సామాను చూసి విమానాశ్రయంలో అందరికీ కళ్ళు తిరిగాయి. కందిపప్పు, చింతపండు, గుంటూరు మిరపకాయలు, పెద్ద మూకుడు, రెండు అట్లకాడలు. సింగపూర్ మీదుగా ఒసాకాలో దిగితే అక్కడి అధికారి ఇంగువ డబ్బా మూత తీసి, వాసన చూసి, మళ్ళీ మూత పెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు. తర్వాత మమ్మల్నేమీ అడగలేదు.

అక్కడ మాకు గైడు సచికో గారు. సన్నగా, చిన్నగా, కర్రకి కట్టిన పసుపు జెండాతో ముందు నడిచేది. నేను ఆవిడ ఇంగ్లీషు విని మావాళ్ళకి తెలుగులో చెప్పాలి. జీతం లేని ఉద్యోగం.

రోజూ జరిగే తంతు ఇది. తెల్లవారక ముందే పుణ్యవతి లేచి టిఫినూ, మధ్యాహ్నానికి పొట్లాలూ తయారుచేసేది. మేం తిని, పొట్లాలు పట్టుకుని, జెండా వెనకాల ఊరు చూడటానికి పోయేవాళ్ళం. పుణ్యవతి సామాన్ల వ్యానెక్కి తిన్నగా ఆ రాత్రి దిగబోయే సత్రానికి పోయేది. మేం వెళ్ళేసరికి చారు మరుగుతుండాలి కదా. సత్రాల వంటిళ్ళన్నీ వెనకవైపు. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ కనిపించేది.

ఆవిడకి రోజూ ఊరు చూపించే పని బుచ్చమ్మ తీసుకుంది. బుచ్చమ్మ, ఐలయ్య మాదాపూర్ పాతకాపులు. పొలాలు ప్లాట్లయ్యాక ఏ యాత్ర ఉందన్నా బయల్దేరే జంట. సాయంత్రం రాగానే బుచ్చమ్మ వంటింటి గుమ్మంలో చతికిలబడేది.

"ఏం చెప్పాలె చెల్లె! ఇంటికి మొత్తం బంగారం పూసిన్రు. చుట్టు నీళ్ళు. లోపటికి ఎవ్వల్నీ పోనియ్యరంట. గంత మంచిగ కట్టుకొని ఖాళీగ ఉంచుకునుడేంది? మా దిక్కయితే కిరాయికన్న ఇద్దురు."

ఇంకోరోజు నారా ఊళ్ళో జింకల గురించి. "గా జింకలు బిస్కట్ కోసం వంగి వంగి దండం పెడ్తయి చెల్లె. మా ఐలయ్య ఇంత వయసొచ్చింది, నాకు ఒక్కపారి తల వంచలే."

పుణ్యవతి వంకాయలు తరుగుతూ నవ్వేది. ఆ వంకాయలంటే ఆవిడకి ముచ్చట. సన్నగా, నిగనిగలాడుతూ, ఒక్క పుచ్చు లేకుండా ఉండేవి. "ఈ దేశంలో మనుషులు మంచోళ్ళండీ, వంకాయ చూస్తే తెలిసిపోయింది" అంది నాతో.

చెర్రీ పూల తోటలో తిరిగొచ్చిన రోజున నా చీర భుజం మీద నాలుగు రేకులు అంటుకుని ఉన్నాయి. పుణ్యవతి చెయ్యి తుడుచుకుని ఒకటి తీసి చూసింది.

"ఇవేనా, మనం చూడ్డానికొచ్చిన పూలు?"

"ఇవే."

"బాగున్నాయి" అని దాన్ని కిటికీ గట్టు మీద పెట్టి మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయింది. నాకు ఉదయ్ భాస్కర్ మీద పీకలదాకా కోపమొచ్చింది. వెళ్ళి అడిగాను. "పూలదేముంది మేడమ్, పిన్ని అడిగింది కొండ. కొండ దగ్గర రెండు రాత్రులుంటున్నాం" అన్నాడు నవ్వుతూ. అతనితో చిక్కే అది. ఎప్పుడూ నవ్వుతాడు.

కొండ దగ్గరికి వచ్చాం. పెద్ద చెరువు, గట్టున సత్రం. కొండ మాత్రం లేదు. ఎక్కడ ఉండాలో అక్కడ మబ్బు ఉంది. మర్నాడు బస్సులో కొండ మీద సగం దాకా ఎక్కించారు. అక్కడా మబ్బే. మా ఆయన ఆ మబ్బునే రీలు సగం ఫోటోలు తీశారు. "ఇంటికెళ్ళి ఇది మబ్బు అని చూపిస్తారా?" అంటే, "వెనకాల కొండ ఉంది కదోయ్" అన్నారు.

సచికో గారు తప్పంతా తనదే అన్నట్టు వంగి క్షమాపణ చెప్పింది. ఆ కొండ పొద్దున్నే కనిపిస్తుందనీ, ఎండెక్కితే మబ్బు కప్పుకుంటుందనీ, రేపు తెల్లవారగానే సత్రం ముందు నిలబడితే అదృష్టం ఉండొచ్చనీ చెప్పింది. అదే ఆఖరి పొద్దు. టిఫిన్ కాగానే టోక్యోకి బస్సు.

సత్రానికి రాగానే నేను ఉదయ్ భాస్కర్‌ని పట్టుకున్నాను. "రేపు పొద్దున పుణ్యవతికి వంట లేదు. ఆవిడ కొండ చూడాలి."

"మరి ఉప్మా ఎవరు చేస్తారు మేడమ్? దారికి పులిహోర ఎవరు కలుపుతారు? పోనీ మీరందరూ ఒక్క పూట పస్తుంటానంటే నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. ఆ మాటా చూద్దామని భోజనాల దగ్గర నిలబడి అడిగాను. రేపొక్క పూట టిఫిన్ లేకపోతే ఎవరికైనా కష్టమా? అందరూ విస్తళ్ళలోకి చూశారు. ఒకాయన కప్పుకేసి చూశాడు. మా ఆయన గొంతు సవరించుకుని "నాకు షుగర్ కదా జయా" అన్నారు. ఇంట్లో పండగ పూట బూరెలు తినేటప్పుడు ఆ షుగర్ ఎక్కడికి పోతుందో నాకు తెలియదు.

బుచ్చమ్మ ఒక్కతే లేచింది. "ఉప్మా లేకుంటే పానం పోతదా? పులిహోర నేను కలుపుత. నువ్వు ఫికర్ చెయ్యకు చెల్లె, పోయి గుట్ట చూడు."

అంతా సర్దుకుందనుకున్నాను. తీరా పుణ్యవతే అడ్డం తిరిగింది. "మీరు కలిపితే తింటారు అక్కా, కాదన్ను. కానీ నా పేరు చెప్పుకుని వచ్చిన జనం. పులిహోర నా చేత్తోనే తాలింపు పడాలి. కాస్త ముందే లేచి ముగించి, అప్పుడు చూస్తాలే" అంది. ఆవిడ బతుకంతా ఈ "ముగించి, అప్పుడు" దగ్గరే ఆగిపోయిందని నాకనిపించింది. పైకి అనలేదు. గరిటె చేతిలో ఉంది.

పొద్దున్నే మెలకువ వచ్చి వరండాలోకి వచ్చాను. కిటికీ నిండా కొండ. మబ్బు తునక లేదు. మా ఆయన్ని లేపకుండానే వంటింటికి పరిగెత్తాను.

"పుణ్యవతీ, వచ్చేసింది! ఉన్నపళంగా రా!"

మూకుట్లో నూనె పొగలు కక్కుతోంది. పక్కన గుడ్డ మీద పసుపన్నం ఆరబోసి ఉంది. "నూనె కాగిపోయింది జయమ్మగారూ, ఇప్పుడెట్టా వదుల్తా? తాలింపేసి వస్తా."

"మబ్బు కమ్మేస్తే?"

"ఎంతసేపండీ, రెండు నిమిషాలు."

వంటింట్లో గాలి లాగే పెద్ద ఫ్యాను ఒకటి ఉంది. దిగిన రోజునే సచికో గారు దాన్ని చూపించి, వండేటప్పుడు ఆపకూడదని మరీ మరీ చెప్పింది. పుణ్యవతి చెయ్యి చాచి దాన్ని టక్కున ఆపేసింది.

"అయ్యో, అదెందుకు?"

"ఫ్యాను తిరుగుతుంటే పోపు వాసనంతా బయటికి పోదూ? వాసన వీధికిచ్చి, మన పులిహోరకి వట్టి నూనె పెట్టమంటారా?"

మాట్లాడుతూనే రెండు గుప్పెళ్ళ ఎండుమిరపకాయలు మూకుట్లో వేసింది. మన ఇళ్ళలో మిరపకాయ వేగితే ఏమవుతుంది? నాలుగు తుమ్ములు తుమ్మి, "పక్కింట్లో పప్పు" అనుకుంటాం. అక్కడ అలా కాలేదు. ముందు నాకు ఊపిరాడలేదు. తర్వాత కప్పులో ఎర్రదీపం వెలిగింది. ఆ వెనకే సత్రమంతా గంటలు మోగాయి. ఒక ఆడగొంతు గోడల్లోంచి ఏదో చెబుతోంది. ఎంత మర్యాదగా చెబుతోందంటే, కాఫీకి పిలుస్తున్నారేమో అనుకున్నారట మావాళ్ళు.

సచికో గారు జెండా పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. పొయ్యి ఆపి, మమ్మల్నిద్దర్నీ చేతులు పట్టి బయటికి లాగింది. సత్రంలో ఉన్నవాళ్ళంతా ముందున్న ఖాళీ జాగాలోకి వచ్చిపడ్డారు. అందరికీ కళ్ళమ్మట నీళ్ళు, దగ్గులు. సత్రం వాళ్ళిచ్చిన అంగరఖా లాంటి బట్ట మా ఆయన ఎడాపెడా చుట్టుకుని వచ్చారు. సచికో గారు అంత గాభరాలోనూ ఆగి, ఆయన కుడిపక్క కొంగు విప్పి, ఎడమపక్కది పైకి వచ్చేలా సర్ది కట్టింది. ఆయన చుట్టుకున్న తీరున శవానికి చుడతారట అక్కడ. ఆ సంగతి నేను ఆయనకి ఇప్పటిదాకా చెప్పలేదు.

ఫైరింజను వచ్చింది. నలుగురు మనుషులు హెల్మెట్లతో లోపలికి పోయారు. వాళ్ళ నాయకుడు, పెద్దవయసు ఆయన, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

అప్పుడు చూశారు మావాళ్ళు కొండని. అందరూ ఒక్కసారిగా "ఆహా" అన్నారు, ఆ వెంటనే "అయ్యో" అన్నారు. కెమెరాలు లోపలున్నాయి. మా ఆయన మెట్లదాకా వెళ్ళి "కెమెరా, కెమెరా" అని బతిమాలారు. గుమ్మంలో ఉన్నాయన వంగి దండం పెట్టారు గానీ దారివ్వలేదు.

మరి పుణ్యవతి ఏం చేస్తోందనుకున్నారు? కొండకి వీపు పెట్టి అదే గుమ్మం ముందు పోట్లాడుతోంది. "బాబూ, అన్నం ఆరిపోతాది. ఇంగువ వెయ్యలేదింకా. పక్కకి జరుగు నాయనా, నీకు పుణ్యముంటుంది!" అచ్చ తెలుగులో. ఆయన అచ్చ జపాన్ భాషలో ఏదో చెప్పి, మళ్ళీ వంగి, రెండు చేతులూ చాచి నిలబడ్డారు.

నాకు తిక్కరేగింది. వెళ్ళి ఆవిడ రెండు భుజాలూ పట్టుకుని గిర్రున ఇటు తిప్పాను.

"అన్నం తర్వాత. అది చూడు!"

చెరువు అవతల, మొదలు నుంచి చివరిదాకా, ఏ అడ్డూ లేకుండా ఉంది కొండ. మంచు మీద పొద్దుటి ఎరుపు పడింది. చెరువులో ఇంకొకటి తలకిందులుగా ఉంది. పుణ్యవతి కొంగుతో కళ్ళు తుడుచుకుని చూసింది.

"కల్పించలేదండీ" అంది చివరికి. "బొమ్మేసినోడు ఏమీ కల్పించలేదు."

పక్కనే పూలమొక్కల చుట్టూ సిమెంటు గట్టు ఉంది. వెళ్ళి దాని మీద కూర్చుంది. పుణ్యవతి కూర్చుంది! బుచ్చమ్మ గబగబా వచ్చి తన శాలువా ఆవిడ భుజాల మీద కప్పి, తనూ పక్కన కూర్చుంది. నాకు ఎందుకో చెప్పలేనంత సంతోషం వేసింది. ఆ మిరపకాయల్ని కళ్ళకద్దుకోవాలనిపించింది.

కాసేపటికి మావాళ్ళకి కొండ చాలింది, ఆకలి మొదలైంది. ఒకరిద్దరు ఉదయ్ భాస్కర్‌ని గోకారు. అతను మొట్టమొదటిసారి నవ్వకుండా వచ్చాడు. "పిన్నీ, అందరూ టిఫిన్ సంగతి అడుగుతున్నారు."

"నన్నడుగుతావేంటి? ఆయన్నడుగు" అని గుమ్మంలో ఉన్నాయన్ని చూపించింది పుణ్యవతి, కళ్ళు కొండ మీంచి తిప్పకుండానే. "వంటింట్లోకి పోతుంటే పోనివ్వకుండా ఆపిన మనిషిని నా జన్మలో ఇప్పుడే చూశా."

చివరికి లోపలికెళ్ళినవాళ్ళు బయటికి వచ్చారు. ఒకాయన చేతిలో పట్టకారు, దాని చివర బొగ్గులా మాడిన మిరపకాయ. సత్రం యజమానురాలికి చూపించారు, సచికో గారికి చూపించారు, ఏదో దొంగ దొరికినట్టు అందరూ దానికేసి గంభీరంగా చూశారు. యజమానురాలు మా దగ్గరకొచ్చి, పొద్దున్నే మాకు ఇబ్బంది కలిగినందుకు క్షమించమని నడుం దాకా వంగింది. తగలబెట్టబోయింది మేం, క్షమాపణ ఆవిడది. సిగ్గుతో నేనూ వంగాను. ఉదయ్ భాస్కర్ అందరికన్నా కిందకి వంగాడు.

గుమ్మంలో ఉన్న పెద్దాయన పుణ్యవతి ముందుకొచ్చి, ఇక ప్రమాదమేమీ లేదని, వంటింట్లోకి వెళ్ళొచ్చని చేత్తో దారి చూపించారు. కొండ భుజం మీదకి అప్పుడే చిన్న మబ్బు ఒకటి వచ్చి ఆనుకుంది.

పుణ్యవతి లేవలేదు. నా చెంగు పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"జయమ్మగారూ, ఆయనతో ఒక్క మాట చెప్పించండి. ఇంకోసారి లోపలికెళ్ళి బాగా చూడమనండి. ఏ మూలన్నా నిప్పు మిగిలిందేమో."

నేను సచికో గారికి చెప్పాను. ఆవిడ పుణ్యవతిని చూసింది, కొండని చూసింది, ముఖంలో ఏ భావమూ లేకుండా పెద్దాయనకి చెప్పింది. ఆయన వంగి దండం పెట్టి, హెల్మెట్ సరిచేసుకుని, తన మనుషుల్ని వెంటబెట్టుకుని మళ్ళీ లోపలికి వెళ్ళారు.

పుణ్యవతి గట్టు మీద కాళ్ళు బారజాపుకుంది.